వేలిముద్ర ఎవరిది?

దసరా సెలవులకు పిల్లలను ఇంటికి పంపే రోజు ఆశ్రమ పాఠశాల ఎట్లా ఉంటుందో అక్కడ చదివినవాళ్ళకు, చదువు చెప్పేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. తెల్లవారకముందే ట్రంకు పెట్టెలు వరండాలోకి వస్తాయి. పిల్లల కళ్ళన్నీ గేటు మీదే ఉంటాయి. తల్లో తండ్రో వచ్చి సెలవు రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వెయ్యాలి. ఆ తర్వాతే పిల్లవాడు గేటు దాటాలి. మంచి నియమమే.

కొన్నేళ్ళ కింద అట్లాంటి ఒక రోజు ఆ రిజిస్టర్ నా బల్ల మీద ఉంది. మధ్యాహ్నం దాటాక తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు వచ్చి, "మా బాపు వచ్చిండు సార్. ముద్ర వేసి గేటు కాడికి పోయిండు" అన్నాడు. చూస్తే అతని పేరు ఎదురుగా నీలం ముద్ర ఉంది. ఇంకా తడి ఆరలేదు. పెద్దమనిషి ముద్ర కాదు, చిన్నది. పిల్లవాడి ఎడమచేతి బొటనవేలు నీలంగా ఉంది.

నేను ఊరుకోలేదు. వరుసలో నిలబడ్డ తల్లిదండ్రులందరి ముందు ఆ చెయ్యి పట్టి పైకెత్తాను. "దొంగముద్ర వేస్తవా?" అని గట్టిగా అరిచాను. ఎవరో నవ్వారు. వాడు ఒక్క మాట కూడా అనలేదు. చెయ్యి వదిలాక పోయి తన పెట్టె మీద కూర్చున్నాడు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాడు. మర్నాడు వాళ్ళ ఊరాయన ఒకరు వేరే పని మీద వస్తే ఆయన వెంట పంపించాను. సంగతి ఆయన చెబితేనే తెలిసింది. తల్లి దెబ్బలకు తాళలేక పుట్టింటికి పోయి రెండు నెలలైంది. తండ్రికి అంగడి రోజనీ, మామూలు రోజనీ తేడా లేదు, రోజూ తాగుడే. ఆ రెండు నెలలూ ఆ పిల్లవాడు నా తరగతిలో రెండో బెంచీలో కూర్చున్నాడు. హాజరు పిలిస్తే "ఎస్ సార్" అన్నాడు. నేను టిక్కు పెట్టాను.

ఆ ముద్ర మోసమా? నియమం ప్రకారం మోసమే. మరి వాడు ఎవరిదేమి దొంగిలించాడు? రిజిస్టర్‌లో అందరి పేర్ల ఎదురుగా ఎవరో ఒకరు ఉన్నారు. తన పేరు ఎదురుగా ఖాళీ ఉంది. ఆ ఖాళీ నలుగురికీ కనబడకూడదనుకున్నాడు. తనకు రావలసిన తండ్రిని కాగితం మీదికైనా తెచ్చుకున్నాడు. నేను ఆ ఖాళీని ఊరందరికీ చూపించాను. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పు అని నన్ను నేను చాలాసార్లు అడుగుకున్నాను. ఆ లెక్క తేల్చడం కంటే అసలు ప్రశ్న ఒకటుంది. తన ఇంట్లో ఎవరి కంటికీ ఆనని పిల్లవాడికి 'నువ్వున్నావు, నిన్ను చూశాను' అని చెప్పాల్సిన బాకీ ఎవరిది? తండ్రి తీర్చకపోతే ఆ బాకీ అంతటితో రద్దయినట్టేనా?

గుర్తింపు అనే మాట మనకు కొత్తది కాదు. మన ఊళ్ళలో ఆ మాట ముందుగా భూమి గురించే వినబడుతుంది. 2006లో వచ్చిన చట్టాన్ని మనం పోడు పట్టాల చట్టం అంటున్నాం గాని, దాని అసలు పేరులో ఉన్నది అటవీ హక్కుల గుర్తింపు అనే మాట. ఆ మాట మీద కొంచెం ఆగాలి. ప్రభుత్వం మనకు ఆ హక్కును కొత్తగా దానం చెయ్యడం లేదు. తరతరాలుగా అక్కడే ఉన్నారు, మీ హక్కు కాగితంలోకి ఎక్కలేదు, అది చారిత్రక అన్యాయం, ఇప్పుడు దాన్ని గుర్తిస్తున్నాం అని ఆ చట్టం పీఠికే చెబుతుంది. అంటే హక్కు ముందు నుంచే ఉంది. కళ్ళు తెరిచి చూడటం ఆలస్యమైంది. ఇంకొక మంచి సంగతి కూడా ఉంది. కాగితాలు లేకపోయినా, దరఖాస్తు పెట్టుకున్నవాడు కాక వేరే ఊరి పెద్దలు 'అవును, వీళ్ళ తాత కాలం నుంచి ఈ చేను వీళ్ళే దున్నుతున్నారు' అని చెప్పిన మాటను రాసుకుంటే దాన్ని కూడా రుజువుగా ఆ నియమాలు ఒప్పుకుంటాయి. పట్టాలు ఎందరికి వచ్చాయి, ఎందరివి తిప్పి పంపారు అన్నది వేరే రాయాల్సిన బాధ. నేను చెప్పేది ఆ మాట వెనక ఉన్న ఆలోచన గురించి.

పిల్లవాడి విషయంలో మనం ఈ ఆలోచనను తలకిందులు చేశాం. వాడికి గుర్తింపు అంటే బహుమతి. పదిలో పది మార్కులు వస్తే గుర్తింపు. ఆటల్లో మండలం దాటి జిల్లాకు పోతే గుర్తింపు. ఏదీ రానివాడు, మధ్యలో కూర్చునేవాడు, అల్లరి చెయ్యనివాడు, చదువులో మరీ వెనకబడనివాడు హాజరు పట్టీలో టిక్కు మాత్రమే. కష్టం లేని ఇంటి పిల్లవాడికి దీంతో పెద్ద నష్టం లేదు. సెలవులకు ఇంటికి పోతే అమ్మ వాడి జుట్టు చూసి "ఇదేంరా ఇట్ల పెంచినవ్" అంటుంది. ఆ ఒక్క మాటలోనే గుర్తింపు ఉంది. ఆ మాట అనే మనిషి ఇంట్లో లేనివాడి సంగతే వేరు. వాడికి మార్కులతో కొనుక్కునే గుర్తింపు దొరకదు, ఉచితంగా రావలసినదీ రాదు. వాడు రెండు వైపులా పట్టా లేనివాడు.

ఇల్లు ఎందుకు చెడుతుంది అన్న మాట వస్తే మనవాళ్ళం రెండు రకాలుగా తప్పించుకుంటాం. కొందరం సారా మీద తోసేస్తాం. కొందరం సర్కారు మీద తోసేస్తాం. ఇప్పసారా మన దేవతలకు ఆరబోసేది, పండుగలో నలుగురూ కలిసి కూర్చుని తాగేది. ఒంటరిగా, అప్పు చేసి, దుకాణం వెనక నిలబడి తాగే గుడుంబా గానీ సీసా గానీ దానికి చుట్టం కాదు. పత్తి పండకపోతే, సావుకారు లెక్క తెగకపోతే, దున్నుకునే చేనులో గుంతలు తవ్వి మొక్కలు నాటితే, తన కొడుకు వయసున్న ఉద్యోగి తనను "ఒరేయ్" అని పిలిస్తే ఆ తండ్రి లోపల ఏదో విరుగుతుంది. అతన్ని కూడా ఎవరూ గుర్తించలేదు. ఇదంతా నిజమే. నేను ఆ తండ్రులను ఎరుగుదును, నా చుట్టాల్లోనే ఉన్నారు. అయితే కారణం తెలిసినంత మాత్రాన దెబ్బ తగిలిన వీపు నొప్పి తగ్గదు. తండ్రికి జరిగిన అన్యాయాన్ని పన్నెండేళ్ళ పిల్ల వీపు మీద జమకట్టడానికి వీల్లేదు. అన్యాయం పై నుంచి కిందికి పారే నీళ్ళ లాంటిది, చివరికి ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళ దగ్గర నిలబడిపోతుంది. అక్కడి నుంచి పారడానికి ఇంకో పల్లం లేదు.

ఈ పిల్లలు ఎందుకు చెప్పరు అని టీచర్లు అడుగుతుంటారు. "అడిగితే కదా తెలిసేది, నోరు విప్పరు" అంటారు. చెప్పకపోవడానికి కారణాలున్నాయి. ఇంటిగుట్టు లంకకు చేటు అని తెలుగులో ఒక సామెత. బడికి వచ్చిన మొదటేడే మన పిల్లలు ఈ సామెత నేర్చుకుంటారు. విభీషణుడు గుట్టు బయటపెట్టాడు కాబట్టి లంక కాలింది అని దాని అర్థం. గోండుల్లో కొందరు రావణుణ్ణి తమ పూర్వీకుడిగా తలచుకుంటారు. కాబట్టి ఈ కథను మనం ఇంకొంచెం దగ్గర నుంచి చూడొచ్చు. విభీషణుడు ముందు బయటికి పోలేదు. ముందు సభలోనే, అన్న ముందే చెప్పాడు. విన్నవాళ్ళు లేరు. అవమానించి వెళ్ళగొట్టారు. గుట్టు చెప్పినవాడి మీద సామెత కట్టారు గాని, సభలో చెప్పినప్పుడు వినని అన్న మీద ఏ సామెతా కట్టలేదు.

మన పిల్లలకు ఇంకొక బరువు కూడా ఉంది. మైదానంలోని పిల్లవాడు మా నాన్న తాగి కొడతాడు అంటే, అది వాళ్ళ నాన్న తప్పుగానే ఉంటుంది. మన పిల్లవాడు అదే మాట అంటే, "వాళ్ళంతా అంతే, తాగుతారు" అనేస్తారు. స్టాఫ్ రూమ్‌లో నా చెవులతో నేనే విన్నాను. పిల్లలు కూడా విన్నారు. కాబట్టి వాళ్ళు నోరు మూసుకుని కాపాడుతున్నది ఒక్క తండ్రిని కాదు, మొత్తం జాతి పరువును. పదమూడేళ్ళ పిల్ల తలమీద అంత బరువు ఉన్నట్టు మనకు తెలియదు. తెలిసినా, అణకువ గల పిల్ల అని మెచ్చుకుంటాం. ఆ మెచ్చుకోలు ఆ బరువును ఇంకొంచెం పెంచుతుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ కాలంలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టినప్పుడు గోండిలోనే పుస్తకాలు తయారు చేశారు. పిల్లల మాట తెలిసిన మనిషే పిల్లలకు చదువు చెప్పాలన్నది అప్పటి ఆలోచన. ఆ రోజులు చదువు కోసమే అంత గొప్పవి అని నేను అనను. కాని ఒకటి ఆలోచించండి. పిల్లవాడు లెక్కలు తెలుగులో నేర్చుకుంటాడు, సైన్సు ఇప్పుడు ఇంగ్లీషులో కూడా నేర్చుకుంటున్నాడు. ఏడుపు మాత్రం గోండిలోనో కొలామీలోనో వస్తుంది. రాత్రి అమ్మ ఏమని ఏడ్చిందో అది తెలుగులో చెప్పడానికి వాడి దగ్గర మాటలే లేవు. నేను గోండునే. అయినా ఆ రోజు రిజిస్టర్ ముందు నిలబెట్టి వాణ్ణి తెలుగులో తిట్టాను. ఆఫీసు గదిలోకి తీసుకుపోయి మన భాషలో "ఏమైంది బిడ్డా" అని అడిగి ఉంటే ఏం చెప్పేవాడో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

ఆ పిల్లవాడి కథ అక్కడితో ఆగలేదు. పదో తరగతి మధ్యలో బడికి రావడం తగ్గించాడు. అంగడిలో ఒకతను దగ్గర తీశాడు, ఒక పాత ఫోన్ ఇచ్చాడు, "తమ్మీ" అని పిలిచేవాడు. నలుగురిలో భుజం మీద చెయ్యి వేసి "వీడు నా మనిషి" అనేవాడు. కొన్నాళ్ళకు ఒక రాత్రి ఈ పిల్లవాడు టేకు దుంగలతో దొరికాడు. బండి ఎవరిదో, దుంగలు ఎవరికో ఎంత అడిగినా చెప్పలేదు. అంతా తన మీదే వేసుకున్నాడు. నేను చూడటానికి పోయి, ఎందుకురా ఆయన కోసం నువ్వు ఇరుక్కుంటున్నావు అని అడిగాను. "సార్, ఆయనొక్కడే నన్ను అన్నం తిన్నవా అని అడిగిండు" అన్నాడు.

ఏకలవ్యుడి పేరు మన ఊళ్ళలో అందరికీ తెలుసు. 1997-98 నుంచి మన పిల్లల కోసం పెట్టిన మోడల్ గురుకులాలకు కూడా ఆయన పేరే పెట్టారు. టీచర్లు ఆ కథను గురుభక్తికి చెబుతారు. మన రచయితలు అన్యాయానికి చెబుతారు. బొటనవేలు అడిగిన గురువును నిలదీస్తారు, నిలదీయాల్సిందే. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఆ కథలో ఇంకో చోట కన్ను ఆగుతున్నది. వేలు తెగడానికి చాలా ముందు, నిన్ను శిష్యుడిగా తీసుకోను పో అన్న తర్వాత ఆ పిల్లవాడు అడవిలోకి పోయి అదే మనిషి బొమ్మను మట్టితో చేసుకున్నాడు. తనను కాదన్న మనిషి బొమ్మను. రోజూ దాని ముందు నిలబడి బాణం వేసి, 'చూశావా' అని ఉంటాడు. మట్టిబొమ్మ చూడదు. విద్య అతని చేతుల్లో అప్పటికే ఉంది. దాన్ని ఎవరో ఒకరు చూసి అవునని అనాలి, అంతే. ఆ ఒక్క మాటకు అతను ఎంత ఆకలితో ఉన్నాడంటే, గురువు వచ్చి నువ్వు నా శిష్యుడివైతే దక్షిణ ఇవ్వు అనగానే వేలు కోసి ఇచ్చాడు. అడిగినవాడి క్రూరత్వం సరే. ఇచ్చినవాడి ఆకలి సంగతి ఏమిటి? తండ్రి హిరణ్యధన్వుడు నిషాదుల రాజు అని భారతం చెబుతుంది. కొడుకు విద్యను ఆ రాజు ఒక్కసారి చూసి "బాగ వేసినవ్ కొడకా" అన్నాడా లేదా అన్నది మాత్రం కథలో లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు ఒక మాట. మిమ్మల్ని ఎవరైనా చూడాలి, పేరు పెట్టి పిలవాలి, మీరు రాకపోతే ఎందుకు రాలేదని అడగాలి అనిపించడం బలహీనత కాదు. అది అన్నం లాంటి అవసరం. సిగ్గుపడకండి. అయితే ఆకలి మీద ఉన్నవాడికి ముందుగా కనబడేది అన్నమా విషమా తెలియదు. మీకు గుర్తింపు ఇస్తున్న మనిషి ఎలాంటివాడో తెలుసుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. ఆయన అడిగిన ఏదో ఒక పనికి 'కాదు' అని చూడండి. అది ప్రేమిస్తున్నానని ఫోన్‌లో మెసేజీలు పెట్టే అబ్బాయి కావచ్చు, బండి ఎక్కించుకుని తిప్పే అన్న కావచ్చు, జెండా చేతికి ఇచ్చే నాయకుడు కావచ్చు, టీచరే కావచ్చు. కాదన్న తర్వాత కూడా మీరు ఆయనకు అదే తమ్ముడు, అదే చెల్లె అయితే అది గుర్తింపు. కాదనగానే ముఖం తిప్పుకుంటే, ఆయన చూసింది మిమ్మల్ని కాదు, మీ బొటనవేలును. ఈ పరీక్ష మొదట చిన్న పనితోనే చేసుకోండి, పెద్దది వచ్చేదాకా ఆగొద్దు.

తండ్రిని క్షమించాలా అని కూడా కొందరు పిల్లలు అడుగుతారు. నా దగ్గర ఆజ్ఞ ఏదీ లేదు. క్షమించడం గానీ క్షమించకపోవడం గానీ పదిహేనేళ్ళ వయసులో తేల్చాల్సిన పని కాదు. తండ్రిని తాగుడు మాన్పించడం మీ బాధ్యత కాదు. అమ్మానాన్నలను కలపడం మీ బాధ్యత కాదు. మీరు మంచి మార్కులు తెస్తే ఇల్లు బాగుపడుతుందని ఎవరైనా అంటే, వాళ్ళు ఇంటి బరువును మీ పుస్తకాల సంచీలో వేస్తున్నారు.

నా తోటి టీచరొకాయన ఈ మాటలన్నీ విని పెదవి విరిచాడు. "మనల్ని ఎవరు అడిగిండ్రు చెప్పు? మన బాపులు తాగలేదా, కొట్టలేదా? మనం బాగుపడలేదా? ఇదంతా ఫోన్లు వచ్చినంక పుట్టిన రోగం" అన్నాడు. కొట్టిపారేయాల్సిన మాట కాదు. నేను ఆలోచించాను. మనం బాగుపడ్డాం అంటున్నది బాగుపడినవాళ్ళమే. బాగుపడనివాళ్ళు ఈ చర్చలో కూర్చోవడానికి రాలేదు. నాతో చదివినవాళ్ళలో ఇద్దరు పురుగుల మందు తాగారు. వాళ్ళు ఎందుకు తాగారో ఊరు రకరకాలుగా చెప్పుకుంది, వాళ్ళను ముందుగా అడిగినవాళ్ళు లేరు.

ఇంకొకటి. మా చిన్నప్పుడు ఇంట్లో గొడవైతే పోవడానికి ఇంకో ఇల్లు ఉండేది. మేనత్త ఇల్లు, పెద్దవ్వ ఇల్లు, పక్క గుడిసె. అక్కడ పడుకుంటే ఎందుకు వచ్చినవని అడిగేవాళ్ళు కాదు, ఒక గొంగడి ఇచ్చేవాళ్ళు. బస్తర్‌లో మురియా గోండుల ఊళ్ళలో ఈడొచ్చిన పిల్లలకు గోటుల్ అని వేరే ఇల్లే ఉండేది. బయటివాళ్ళు దాని గురించి నోరూరించుకుంటూ రాసిన రాతలే ఎక్కువ. అక్కడ పిల్లలకు గోటుల్‌లో మాత్రమే పిలుచుకునే వేరే పేరు ఉండేదని 1947లో వచ్చిన తన పుస్తకంలో వెరియర్ ఎల్విన్ రాశాడు. నాకు అందులో పనికొచ్చే సంగతి అదే. కన్న ఇంట్లో ఎట్లా ఉన్నా సరే, పిల్లవాడికి ఊరు ఇచ్చిన ఇంకో ఇల్లు ఉంది, ఇంకో పేరు ఉంది. గోటుల్‌లో జరిమానాలు, శిక్షలు కూడా ఉండేవి, అది స్వర్గం కాదు. ఇప్పుడు మన పిల్లవాడికి ఆ రెండో ఇల్లు హాస్టల్. పది నెలలు అక్కడే ఉంటాడు. పరుపు ఉంది, గుడ్డు ఉంది, నంబరు ఉంది. పేరు పెట్టే మనిషి మాత్రం ఆ పోస్టుల్లో ఎక్కడా లేడు.

ఒకరిని మనలో కలుపుకోవడం ఎట్లాగో మనకు తెలియక కాదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా దగ్గర మెస్రం వంశంవాళ్ళు చేసే భేటింగ్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్ళను తెల్లచీరల్లో తెచ్చి దేవుడికి, పెద్దలకు పరిచయం చేస్తారు. అప్పటి నుంచి ఆమె ఆ వంశపు మనిషి. ఆమె ఏం చదివింది, ఎంత సంపాదిస్తుంది అని ఎవరూ అడగరు. ఇదిగో ఈమె వచ్చింది, ఈమె మనది అని దేవుడి ముందు ఒప్పుకుంటారు. అంత అందమైన గుర్తింపు ఇంకో చోట నేను చూడలేదు. అదే జాతరలో 1940ల నుంచి దర్బారు జరుగుతున్నది. అధికారులు వచ్చి కూర్చుంటారు, మనం భూమి గురించి, నీళ్ళ గురించి, రోడ్డు గురించి విన్నపాలు ఇస్తాం. జోడేఘాట్‌లో 1940లో కుమ్రం భీం ప్రాణం పోయాక సర్కారుకు మన మాట వినాలని తట్టింది. వినిపించుకోవడానికి మనం ఇంత ఖరీదు కట్టినవాళ్ళం. మరి మన రాయి సెంటర్లలో భార్యాభర్తల తగాదా వచ్చినప్పుడు సార్‌మెడి ఇద్దరినీ అడుగుతాడు, రెండు వైపుల పెద్దలను అడుగుతాడు, ఇచ్చిపుచ్చుకున్నవాటి లెక్క అడుగుతాడు. నేను కూర్చున్న పంచాయితీల్లో ఒక్కదాంట్లో కూడా గుంజ పట్టుకుని నిలబడ్డ పిల్లను పిలిచి "నీకేం కావాలె బిడ్డా" అని అడగడం చూడలేదు. నేను కూడా అడగలేదు. అడగడానికి చట్టం మార్చనక్కర్లేదు, సంప్రదాయం ఏదీ అడ్డం రాదు.

టీచర్లు ఏం చెయ్యగలరు? ముందు ఒకటి మానుకోవాలి. పొగడ్తను గుర్తింపు అనుకోవడం మానుకోవాలి. "సూపర్ రా" అని అందరినీ అంటే పిల్లలకు తెలుసు, అది గాలికి అన్న మాట. "నిన్న నువ్వు కబడ్డీకి రాలేదు" అన్నది గుర్తింపు. "నీ చెప్పులు తెగినయి కదా, ఎన్నాళ్ళయింది?" అన్నది గుర్తింపు. ఉన్నప్పుడు చూసినందుకు కాదు, లేనప్పుడు లేడని తెలిసినందుకు పిల్లవాడు కరుగుతాడు. సెలవులకు ఎవరూ రాని పిల్లల పేర్లు ముందే తెలుసుకుని ఉంచుకుంటే ఆ రోజు గేటు దగ్గర వాళ్ళు పెట్టెల మీద కూర్చోనక్కర్లేదు. మా దగ్గర ఇప్పుడు అట్లాంటి పిల్లలను వాళ్ళ మేనమామో, పెద్దన్నో, ఊరి ఆశా కార్యకర్తో ముందుగా చెప్పించుకుని తీసుకుపోతున్నారు. రిజిస్టర్‌లో 'తండ్రి/తల్లి' అన్న గడి పక్కన 'తీసుకుపోయే పెద్దవాళ్ళు' అని పెన్నుతో రాసుకున్నాం. పై నుంచి ఆర్డరేమీ రాలేదు. ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లవాడైతే 1098కి చెయ్యాలి. చనిపోవాలనిపిస్తోందన్న పిల్ల మాటను తేలిగ్గా తీసుకోకుండా ఆమెను ఒంటరిగా వదలకుండా 14416కు చెయ్యొచ్చు, అది మానసిక ఆరోగ్యానికి సర్కారు పెట్టిన నంబరు. ఈ రెండూ మా నోటీసు బోర్డు మీద కాదు, మరుగుదొడ్ల తలుపుల లోపలి వైపు అంటించాం. అక్కడైతే చూసేటప్పుడు పక్కన ఎవరూ ఉండరు.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు, ట్రాలీ నడుపుతున్నాడు. కేసు చాలా ఏళ్ళు తిప్పింది. చెల్లెల్ని మా బడిలోనే చేర్చాడు. పండుగలకు తనే వచ్చి తీసుకుపోతాడు. రిజిస్టర్‌లో సంతకం పెడతాడు, నాతో వానల గురించి, పత్తి ధర గురించి మాట్లాడతాడు. ఆ పాత ముద్ర సంగతి నేను ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. క్షమాపణ అడగాలని నాలుగైదుసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే నా బరువు దిగుతుంది, అతనికి మళ్ళీ ఆ రోజు గుర్తొస్తుంది. ఏది న్యాయమో ఇంకా తేల్చుకోలేదు.

కిందటేడు ఇంకో పిల్ల సంగతి. ఎనిమిదో తరగతి. బడి అయిపోయాక కూడా స్టాఫ్ రూమ్ దగ్గరే తిరిగేది. చెప్పకుండానే ఊడ్చేది, కుండలో నీళ్ళు నింపేది, బోర్డు తుడిచేది. మంచి పిల్ల అని అందరం మెచ్చుకున్నాం. ఆమెకు పని మీద ప్రేమ కాదని, మనుషులున్న గది వదిలి పోబుద్ధి కావడం లేదని ముందుగా కనిపెట్టింది మా లెక్కల మేడం. ఒక సాయంత్రం ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "సార్, ఒక మాట చెప్త. ఎవ్వరికి చెప్పనని ఒట్టెయ్" అంది.

ఒట్టు వెయ్యడం తేలిక. వేస్తే అప్పుడే చెప్పేసేది. కాని తెలిసి తెలిసి వెయ్యలేని ఒట్టు అది. "ఒట్టెయ్యలేను బిడ్డా" అన్నాను. "నీకు దెబ్బ తగిలే సంగతైతే నేనొక్కన్నే దాచుకుంటే లాభం లేదు. కాని నీకు తెల్వకుండ ఎవ్వరికి చెప్ప. ఎవరికి చెప్పాల్నో నువ్వు నేను మేడం కూసొని చూద్దాం" అన్నాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, చీపురు మూలకు పెట్టి వెళ్ళిపోయింది. తప్పు చేశానేమో అనుకున్నాను. రెండు రోజులు స్టాఫ్ రూమ్ వైపు రాలేదు. నేనూ, మేడం హాస్టల్‌కు పోయి అన్నం తిన్నదా అని కనుక్కుని వచ్చాం, ఏమీ అడగలేదు.

మూడో రోజు రాత్రి తనే వచ్చి మేడం పక్కన కూర్చుంది. గోండిలో చెప్పడం మొదలుపెట్టింది. మేడంకు గోండి రాదు, నేను మధ్యలో ఉండి చెప్పాను. ఏం చెప్పిందో ఇక్కడ రాయను, అది ఆమెది. మాటలు అయ్యేసరికి మెస్ మూసేశారు. వంట చేసే అవ్వ మాత్రం ఇంకా గడప మీదే కూర్చుని ఉంది. ఆ పిల్ల పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి పక్కన పెట్టుకుంది.